మంట పెంచితే ఆగిపోయే ఇంజన్

నేను చేసిన మొదటి వేడిగాలి ఇంజన్ రెండు నిమిషాలు తిరిగి ఆగిపోయింది. కూల్‌డ్రింక్ టిన్ను, బెలూన్ ముక్క, సైకిల్ స్పోకు, పాత సీడీ. ఇవీ దాని అవయవాలు. కింద ఒక స్పిరిట్ దీపం. సీడీని వేలితో ఒక్క తోపు తోస్తే టకటకమని అందుకుంది. సంబరంగా ఇంట్లోవాళ్ళను కేకేసేలోపు మెల్లబడింది, వాళ్ళు వచ్చేసరికి నిలిచిపోయింది. వేడి చాలలేదనుకుని వత్తి పైకి లాగాను. ఈసారి నాలుగు చుట్లు కూడా తిరగలేదు. పక్కన ఇంకో దీపం పెట్టాను. ఇక అసలు కదలనేలేదు.

"మామా, మంట ఎక్కువైతే ఇంజన్ ఇంకా గట్టిగా తిరగాల కదా?" అన్నాడు తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు.

వాడికి జవాబు చెప్పడానికి నాకు మూడు నెలలూ ఏడు డబ్బాలూ పట్టాయి. తిరుపతిలో అది మార్చి నుంచి మే దాకా, అంటే ఇలాంటి పనికి ఏడాదిలో అన్నిటికంటే పనికిరాని కాలం. ఎందుకు పనికిరాదో తర్వాత చెబుతాను, అసలు సంగతి అక్కడే ఉంది.

వేడిగాలి ఇంజన్ అంటే ఏమిటో ముందు చూద్దాం. పెట్రోలు ఇంజన్లో మంట లోపలే పుడుతుంది, పొగ బయటికి పోతుంది, ప్రతిసారీ కొత్త గాలి లోపలికి రావాలి. ఆవిరి ఇంజనుకు బాయిలర్ కావాలి, నీళ్ళు కాగాలి. వేడిగాలి ఇంజన్లో మంట ఎప్పుడూ బయటే ఉంటుంది. లోపల మూసిపెట్టిన గాలి ఒక్కటే. అదే గాలి వేడెక్కుతుంది, చల్లబడుతుంది, మళ్ళీ వేడెక్కుతుంది. వాల్వులు లేవు, స్పార్క్ ప్లగ్గు లేదు, సైలెన్సర్‌తో పనే లేదు. వాయులింగం ఉన్న శ్రీకాళహస్తి మాకు గంట దూరం. ఉత్త గాలితో నడిచే యంత్రం మీద ఈ జిల్లావాడికి మోజు పుట్టడంలో వింతేముందని ఇంట్లో సర్దిచెప్పుకున్నాను. ఎవరూ ఒప్పుకోలేదనుకోండి.

లోపల ఏం జరుగుతుంది

ఎండలో నిలబెట్టిన సైకిల్ ట్యూబు ఢామ్మని పేలడం మనకు కొత్త కాదు. మూసిన చోట ఉన్న గాలిని వేడి చేస్తే దాని ఒత్తిడి పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో లెక్క తెలియాలంటే సెల్సియస్‌ను పక్కనబెట్టి కెల్విన్‌లో చూడాలి, అంటే డిగ్రీలకు 273 కలపాలి. 27 డిగ్రీల గాలి 300 కెల్విన్ దగ్గర ఉన్నట్టు. దాన్ని 327 డిగ్రీలకు, అంటే 600 కెల్విన్‌కు తీసుకెళ్తే ఒత్తిడి సరిగ్గా రెట్టింపు అవుతుంది. ఆ ఒత్తిడి పిస్టన్‌ను బయటికి తోస్తుంది. గాలి చల్లబడితే ఒత్తిడి తగ్గి బయటి గాలి పిస్టన్‌ను లోపలికి నెడుతుంది. ఇంతవరకు సులువే.

చిక్కేమిటంటే, ఒకే గాలిని సెకనుకు నాలుగైదు సార్లు వేడి చేసి చల్లార్చాలి. దీపాన్ని అంత వేగంగా వెలిగించి ఆర్పలేం. డబ్బా రేకు కూడా అంత వేగంగా వేడెక్కి చల్లబడదు. అందుకని ఇంకో దారి పట్టారు. డబ్బా కింది భాగాన్ని ఎప్పుడూ వేడిగా, పై భాగాన్ని ఎప్పుడూ చల్లగా ఉంచి, గాలినే కిందికీ పైకీ తిప్పుతారు. గాలిని అలా తోలే పనిముట్టు పేరు డిస్‌ప్లేసర్.

నాలాంటి కొత్తవాళ్ళు మొదట తప్పటడుగు వేసేది ఈ డిస్‌ప్లేసర్ దగ్గరే. డబ్బాలో కిందికీ పైకీ ఆడుతుంది కాబట్టి అదీ ఒక పిస్టనే అనుకుంటాం. నేనైతే గాలి పక్కల నుంచి తప్పించుకోకూడదని దాని చుట్టూ గుడ్డ చుట్టి బిగించాను కూడా. పూర్తిగా తలకిందులు పని. నిండు బక్కెట్లో చెంబు ముంచితే నీళ్ళు చుట్టుపక్కల నుంచి పైకి లేస్తాయి కదా, డిస్‌ప్లేసర్ చేసేది అదే. అది కిందికి దిగితే వేడిచోట ఉన్న గాలి పక్క సందుల్లోంచి పైకి వస్తుంది, పైకి లేస్తే చల్లచోట గాలి కిందికి పోతుంది. గోడకీ దానికీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఉండి తీరాలి. అది దేన్నీ గట్టిగా తోయదు, దాన్నీ ఎవరూ గట్టిగా తోయనక్కరలేదు. దూదిపింజలా తేలిగ్గా ఉంటే చాలు.

నిజంగా పని చేసేది రెండో ముక్క, పవర్ పిస్టన్. డబ్బా ఇంజన్లలో చాలాసార్లు అది బెలూన్ రబ్బరు పొర. ఒత్తిడి పెరిగినప్పుడు ఉబ్బి క్రాంకును, అంటే చక్రాన్ని తిప్పే వంచిన స్పోకును, నెడుతుంది, తగ్గినప్పుడు లోపలికి పోతుంది. ఇక్కడ ఇంకో పొరపాటు జరుగుతుంది. బెలూన్‌ను డోలు చర్మంలా లాగి కడతాం. అలా కడితే పుట్టిన కాస్త బలమూ రబ్బరును సాగదీయడానికే ఖర్చవుతుంది. పొర కొంచెం వదులుగా వేలాడాలి.

ఈ రెండూ ఒకే క్రాంకుకు తగిలించి ఉంటాయి, కానీ ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాతో. డిస్‌ప్లేసర్ పావు చుట్టు ముందుంటుంది, పిస్టన్ వెనక వస్తుంది. ఈ 90 ఎందుకన్నది నాకు చాలాకాలం మింగుడుపడలేదు. ఉయ్యాల ఊపడం గుర్తుచేసుకుంటే తేలికైంది. ఉయ్యాల మనవైపు వస్తున్నప్పుడు తోస్తే ఆగిపోతుంది, మన నుంచి దూరంగా పోతున్నప్పుడు తోస్తే ఊపందుకుంటుంది. పిస్టన్ కూడా అంతే. అది బయటికి పోతున్నంతసేపూ లోపల ఒత్తిడి ఎక్కువగా, వెనక్కి వస్తున్నంతసేపూ తక్కువగా ఉండాలి. అంటే పిస్టన్ ప్రయాణం మొదలుపెట్టే ముందే గాలి వేడిచోటికి పోవడం మొదలై ఉండాలి. ఆ ముందడుగే పావు చుట్టు. రెండూ కలిసి ఒకేసారి పైకీ కిందికీ ఆడితే, పోయేటప్పుడు గాలి ఇచ్చిందంతా వచ్చేటప్పుడు తిరిగి లాగేసుకుంటుంది. లాభం సున్నా.

90 అంటే సరిగ్గా 90 అని ప్రొట్రాక్టర్ పట్టుకుని కూర్చోనక్కరలేదు. ఐదు పది డిగ్రీలు అటూ ఇటూ అయినా ఇంజన్ పట్టించుకోదు. కొత్తవాళ్ళు స్పోకును వంచడంలో పూటంతా గడిపేసి, అసలు పట్టించుకోవాల్సిన వాటిని వదిలేస్తారు.

ఫాదరీగారి పేటెంటు

ఈ రకం ఇంజన్‌కు పేరు తెచ్చినవాడు స్కాట్లాండ్‌కు చెందిన రాబర్ట్ స్టిర్లింగ్. వృత్తి చర్చిలో ఫాదరీ. 1816లో పేటెంటు తీసుకున్నాడు. 1818లో ఆయన ఇంజన్ ఒకటి ఎయిర్‌షైర్‌లోని రాతి క్వారీలో నీళ్ళు తోడింది. బాయిలర్లు పేలి జనం చచ్చిపోతుంటే చూడలేక ఆ దయాళువు ఈ ఇంజన్ కనిపెట్టాడని కథ ఒకటి తిరుగుతూ ఉంటుంది. వినడానికి బాగుంటుంది. పేటెంటు పేరులో మాత్రం మొదట ఉన్నది ఇంధనం ఖర్చు తగ్గించడం. ఇంజన్ సంగతి దాని తర్వాత. ఇంధనం మిగల్చడానికి ఆయన కనిపెట్టిన ఉపాయానికి పెట్టుకున్న పేరు ఎకానమైజర్, అంటే పొదుపరి. ఈరోజు దాన్ని రీజనరేటర్ అంటున్నారు.

గాలి వేడిచోటి నుంచి చల్లచోటికి పోయేటప్పుడు తన వేడినంతా చల్లగోడకు ఇచ్చేస్తే ఆ వేడి వృథా. మళ్ళీ కిందికి వచ్చినప్పుడు మంట దగ్గర మొదటి నుంచీ సంపాదించుకోవాలి. అదే దారిలో సన్నని తీగల పీచు పెడితే, పోయేటప్పుడు గాలి తన వేడిని ఆ పీచుకు అప్పగించి పోతుంది, వచ్చేటప్పుడు తిరిగి తీసుకుంటుంది. వడ్డీ లేని చేబదులన్నమాట. గిన్నెలు తోమే స్టీలు పీచును ఉండగా చుట్టి డిస్‌ప్లేసర్‌గా వాడితే, గాలి చుట్టూనే కాక దానిలోంచి కూడా పోతుంది కాబట్టి అదే రీజనరేటర్ కూడా అవుతుంది. బేరివీధిలో కొన్న గిన్నెల పీచుతో 1816 నాటి పేటెంటును చేసుకున్నామని మా మేనల్లుడికి చెబితే, వాడు ఆ పీచు వాసన చూసి ముఖం తిప్పుకున్నాడు.

స్టిర్లింగ్ తమ్ముడు జేమ్స్ ఇంజనీరు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఇంజన్‌ను మెరుగుపరిచారు, 1840ల్లో డండీ పట్టణంలోని ఒక ఫౌండ్రీలో పెద్ద ఇంజన్ నడిచింది. దాన్ని ముంచింది వేడి తలే. ఎప్పుడూ మంటలో ఉండే సిలిండర్ అడుగు పదేపదే దెబ్బతినేది. ఆ రోజుల్లో పోత ఇనుమే గతి, అది అంత వేడి తట్టుకోలేదు. కొన్నేళ్ళకు విసిగి ఆ ఇంజన్‌ను పక్కన పెట్టేశారు. ఆ కాలపు ఫౌండ్రీకి తప్పని బాధ డబ్బాలు అతికించుకునే నాకెందుకు తప్పుతుంది? నాలుగో డబ్బాకు, అంటే తగరం పూత రేకు డబ్బాకు, అడుగును సోల్డర్ పెట్టి అతికించాను. మామూలు సోల్డర్ 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. దీపం వెలిగించిన కాసేపటికి వెండిచుక్కల్లా రాలిపోయింది. రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ గమ్ము ఇంకా ముందే మెత్తబడుతుంది. వేడిచోట అతుకు ఉండకుండా చూసుకోవడమే మార్గం. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ఒకే ముక్కగా ఉండే డబ్బా అడుగునో, టెస్ట్ ట్యూబునో వేడి వైపు వాడతారు.

మంట పెంచితే ఎందుకు ఆగింది

ఇక మేనల్లుడి ప్రశ్న. 1824లో సాదీ కార్నో అనే ఫ్రెంచి ఇంజనీరు వేడితో నడిచే ఏ యంత్రానికైనా ఒక హద్దు ఉందని చూపించాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే, వేడి చివరకూ చల్ల చివరకూ ఉన్న తేడాను వేడి చివర కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చే వంతు కంటే ఎక్కువ పని ఏ ఇంజనూ ఇవ్వలేదు. మన డబ్బాకు లెక్క వేద్దాం. అడుగు 250 డిగ్రీలు, పైభాగం 45 డిగ్రీలు అనుకుందాం. తేడా 205. దాన్ని 523తో భాగిస్తే 39 శాతం. ఇప్పుడు మంట పెంచాం. అడుగు 300కి చేరింది. కానీ పైభాగం కూడా 180కి ఎగబాకింది. తేడా 120 మాత్రమే. 573తో భాగిస్తే 21 శాతం. మంట పెరిగింది, వంతు సగమైంది. ఇది కేవలం హద్దు. అసలు డబ్బా ఇంజన్ ఇందులో చాలా చిన్న భాగమే ఇస్తుంది, అందులోంచి రాపిడి తన వాటా ముందే లాక్కుంటుంది. 39లో బతికి బట్టకట్టిన ఇంజన్ 21లో చచ్చిపోవడంలో ఆశ్చర్యం లేదు.

పైభాగం ఎందుకు అంత వేడెక్కుతుంది? వేడి రేకు వెంబడి పైకి నడుస్తుంది. అల్యూమినియం వేడిని మామూలు ఉక్కు కంటే మూడు రెట్లు, స్టెయిన్‌లెస్ స్టీలు కంటే పది రెట్లు పైగా మోస్తుంది. గాజు అయితే స్టెయిన్‌లెస్‌లో పదిహేనో వంతు. ఇలా అంటే కూల్‌డ్రింక్ టిన్ను పరమ చెత్త అని తీర్పు చెప్పేయాలనిపిస్తుంది, నేనూ చెప్పాను. కానీ లోహాన్ని మాత్రమే చూస్తే చాలదు, గోడ మందం కూడా చూడాలి. ఆ టిన్ను గోడ కాగితంలా పలుచన కాబట్టి మోసే వేడి కొంత తగ్గుతుంది, రేకు డబ్బాకీ దానికీ మధ్య తేడా అనుకున్నంత ఉండదు. స్పష్టంగా గెలిచేది వేడికి తట్టుకునే గాజు టెస్ట్ ట్యూబే. దాని ఒక చివర ఎర్రగా కాలుతున్నా ఇంకో చివర వేలితో పట్టుకోవచ్చు.

నేను ఊహించని దొంగ ఇంకొకటి ఉంది. మంట పెంచినప్పుడు దాని నాలుకలు డబ్బా అడుగుతో ఆగవు, పక్కల నుంచి పైకి పాకుతాయి. రేకు మోసుకుపోయే వేడి సంగతి అలా ఉంచి, వేడిపొగే నేరుగా చల్లభాగాన్ని కాలుస్తుంది. దీనికి మందు చాలా చవక. ఒక బిస్కెట్ డబ్బా మూతకు డబ్బా పట్టేంత రంధ్రం చేసి, సగం ఎత్తులో గొడుగులా తొడిగాను. ఆ ఒక్క పనితో రెండు నిమిషాల ఇంజన్ పదకొండు నిమిషాలు తిరిగింది.

మూడో కారణం ఇంకా చిత్రమైంది. గాలి మూసి ఉంది కదా. మొదటిసారి వేడెక్కేటప్పుడు దాని సగటు ఒత్తిడే పెరిగిపోతుంది. బెలూన్ పూరీలా పొంగి అలాగే ఉండిపోతుంది, క్రాంకును ఒకే పక్కకు తోసి పట్టుకుంటుంది, చక్రం ఒక చోట అతుక్కుపోయినట్టు మొరాయిస్తుంది. మంట ఎక్కువైతే పొంగు ఇంకా ఎక్కువ. డబ్బాకు ఒక సన్నని ట్యూబు పెట్టి, వేడెక్కాక ఒక్క క్షణం తెరిచి మూస్తే ఎక్కువైన గాలి బయటికి పోతుంది, పొర మామూలు స్థితికి వస్తుంది. ఆర్పేశాక మళ్ళీ తెరవాలి, లేకపోతే చల్లబడేటప్పుడు బెలూన్ లోపలికి పీక్కుపోతుంది. ఈ చిన్న ట్యూబు లేక ఎంతమంది తమ ఇంజన్ పనికిరాదని మూలన పడేసి ఉంటారో.

మిద్దె మీది నీళ్ళు

చల్లభాగం చుట్టూ పెద్ద డబ్బా తొడిగి నీళ్ళు పోస్తే మేలు అని అందరూ చెబుతారు. నిజమే. నీళ్ళు ఉన్నంతసేపూ ఆ భాగం 100 డిగ్రీలు దాటదు, ఎందుకంటే అక్కడికి వచ్చాక వేడి అంతా మరగడానికే పోతుంది. ఉత్సాహంగా కొళాయి తిప్పి పట్టుకున్నాను. మే నెలలో తిరుపతిలో మిద్దె మీది నల్లట్యాంకు నీళ్ళు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. పగలు స్నానానికి కూడా పనికిరావు. థర్మామీటర్ పెడితే 43 చూపించింది. గదిలో గాలి 40. చలికాలం పొద్దున 20 డిగ్రీలలో చేసిన ఇంజన్‌కు పుట్టుకతో ఉన్న 20 డిగ్రీల వరం ఇక్కడ లేదు. నేను మొదట్లో పనికిరాని కాలం అన్నది ఇందుకే.

కుండలో నీళ్ళు ఇంట్లో చల్లగానే ఉన్నాయి మరి. ఎండ ముదిరేకొద్దీ కుండ నీళ్ళ రుచి పెరుగుతుందని మా అమ్మ అంటుంది. గాలి పొడిగా ఉండే కొద్దీ ఆవిరవడం ఎక్కువ కాబట్టి ఆ మాటలో నిజం ఉంది. ఒక గ్రాము నీరు ఆవిరైపోతూ దాదాపు 2,400 జౌళ్ళ వేడిని పట్టుకుపోతుంది. అదే గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.2 జౌళ్ళు చాలు. ఈ రెండు అంకెల మధ్య ఎంత దూరం ఉందో చూడండి. డబ్బాకు నీళ్ళ తొట్టి తీసేసి, పాత నూలు పంచె ముక్క చుట్టి, దాని తోకను వత్తిలా పక్కనున్న గిన్నె నీళ్ళలో వదిలాను. గుడ్డ తనంతట తాను నీళ్ళు లాక్కుంటూ ఆరుతూ ఉంది. ఇంజన్ నలభై నిమిషాలు తిరిగింది, స్పిరిట్ అయిపోయి ఆగింది. కింద నిప్పు వత్తి, పైన నీటి వత్తి.

స్పిరిట్ గురించి ఒక మాట. పగటి వెలుగులో దాని మంట సరిగ్గా కనబడదు. ఆరిపోయిందనుకుని సీసా ఒంపితే మంట సీసాలోకే ఎక్కుతుంది. పూర్తిగా చల్లారిందని చేత్తో చూసుకున్నాకే పోయాలి. పెయింటు, థిన్నర్, స్ప్రే డబ్బాలను ఈ పనికి ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి పెంచితే ఇంజన్ బలం పెరుగుతుంది కదా అని పంపు పెట్టి గాలి కొట్టడం మరీ ప్రమాదం. కూల్‌డ్రింక్ టిన్ను, మంట, ఒత్తిడి, ఈ మూడూ ఒకచోట చేరకూడదు.

రాపిడి విషయంలో నాకు గురువు రేణిగుంట రోడ్డులో ఒక లేత్ మేస్త్రీ. ఇంజన్ పట్టుకుపోయి చూపిస్తే వెలిగించమని కూడా అడగలేదు. "సామీ, ముందు అన్నీ ఊడబీకేయండి. చక్రం ఒక్కదాన్నే తిప్పి ఎన్ని చుట్లు తిరగతాదో లెక్కబెట్టండి. ఆమైన ఒక్కొక్కటే తగిలించండి. యాడ తగ్గతాదో ఆడ దొంగ ఉండాడు" అన్నాడు. చక్రం ఒక్కటే అరవై చుట్లు తిరిగింది. డిస్‌ప్లేసర్ తగిలిస్తే తొమ్మిది. కడ్డీ పోయే రంధ్రం ఒరుసుకుంటోంది. ఆ రంధ్రంలో గాలి కారకూడదు, కడ్డీ పట్టుకోకూడదు, ఈ రెండూ పరస్పర విరుద్ధం. ఆయన అంగుళం పొడవు ఇత్తడి బుష్, అంటే కడ్డీ జారే సన్న గొట్టం, చేసి ఇచ్చాడు. పొడవైన సన్నని సందులోంచి గాలి కారడం కష్టం, కాబట్టి బిగుతు లేకుండానే పని జరిగింది. మళ్ళీ లెక్కబెడితే నలభై ఒకటి.

బెలూన్ ఎండకు చిట్లిపోతూ ఉంటే గాజు సిరంజికి మారాను. ఆస్పత్రి సామాన్ల అంగడిలో అడిగితే ఇప్పటికీ దొరుకుతాయి. ప్లాస్టిక్ సిరంజిలోని రబ్బరు బిరడా ఒరుసుకుంటుంది, ఇందుకు పనికిరాదు. గాజుదైతే ప్లంజర్ తన బరువుకే జారాలి, కొనను వేలితో మూస్తే ఆగాలి. దానికి నూనె అక్కరలేదు. ఆ సంగతి తెలియక నేను కొబ్బరినూనె రాశాను. డిసెంబరు రాత్రి తీసి చూస్తే ప్లంజర్ రాయిలా బిగుసుకుని ఉంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుందని తలకు రాసుకునే ప్రతివాడికీ తెలుసు, ఇంజన్ చేసేవాడికే తెలియలేదు.

టీ గ్లాసు మీద, ఐసు గడ్డ మీద

మంట లేకుండా వేడి టీ మీదే తిరిగే ఇంజన్లు ఉన్నాయి. వెడల్పాటి రెండు పళ్ళేలు, మధ్యలో పలచని థర్మోకోల్ బిళ్ళ డిస్‌ప్లేసర్‌గా. జాగ్రెబ్ విశ్వవిద్యాలయంలో ఇవో కోలిన్ 1980ల మొదట్లో ఇలాంటిది చేసి చూపించాడు. తర్వాత అమెరికాలో జేమ్స్ సెన్ఫ్ట్ దాన్ని సాన పెట్టి, అర డిగ్రీ తేడాతో కూడా తిరిగే ఇంజన్ తయారుచేశాడు. అంటే అరచేతి వేడి ఎక్కువే. కానీ మే నెలలో మన ఒళ్ళూ మన గదీ ఇంచుమించు ఒకే వేడిలో ఉంటాయి కాబట్టి, అరచేతి ఇంజన్ తిరుపతిలో సిగ్గుపడి కూర్చుంటుంది.

టీ 80 డిగ్రీలు, గది 40. తేడా 40, హద్దు 11 శాతం. ఇప్పుడు టీ బదులు ఐసు పెడదాం. ఐసు 0, గది 40. తేడా అదే 40. కానీ ఈసారి వేడి చివర గదే కాబట్టి భాగించాల్సింది 353తో కాదు, 313తో. హద్దు దాదాపు 13 శాతం. అదే తేడా అయినా ఐసుది పైచేయి. మండే ఎండ ఇక్కడ శత్రువు కాదు, అదే ఇంధనం. పైగా టీ పెట్టిన చోటే, కింది పళ్ళెం కిందే, ఐసు పెడితే చక్రం వెనక్కి తిరుగుతుంది. వేడివైపూ చల్లవైపూ తారుమారయ్యాయి కదా, పావు చుట్టు ముందున్నది వెనకబడుతుంది. ఇది చూసి నమ్మాలి.

ఇంతా చేసి దీని బలం ఎంత? పిస్టన్ ఒక చుట్టుకు ఊడ్చే చోటు 10 మిల్లీలీటర్లు, లోపల మామూలు గాలి ఒత్తిడి, సెకనుకు ఐదు చుట్లు అనుకుంటే, ఇంజనీర్లు వాడే బండలెక్క ప్రకారం మంచి పనితనం ఉన్న ఇంజన్ 0.3 వాట్లు ఇస్తుంది. నా డబ్బా అందులో పదో వంతు ఇచ్చినా గొప్ప. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి వెలగాలంటే బాగా చేసినవే ముప్ఫై కావాలి. డబ్బా ఇంజన్‌తో ఇంటికి కరెంటు అని చూపించే వీడియోలను నమ్మే ముందు ఈ లెక్క ఒక్కసారి వేసుకోండి.

అలాగని ఇది ఉత్త ఆటవస్తువూ కాదు. కరెంటు లేని రోజుల్లో మన దేశంలోనే కిరోసిన్ దీపం వేడితో తిరిగే ఫ్యాన్లు ఉండేవి. ఫిలిప్స్ కంపెనీ కరెంటు లేని చోట రేడియోలు నడపడానికి చప్పుడు చేయని జనరేటర్ కోసం 1930ల చివర నుంచి ఈ ఇంజన్ మీద పడింది. 1950ల మొదట్లో సుమారు 200 వాట్ల సెట్టు బయటికి వచ్చేసరికి ట్రాన్సిస్టర్లూ బ్యాటరీలూ దాని అవసరాన్నే తీసేశాయి. బలం ఒత్తిడితో పాటు పెరుగుతుంది కాబట్టి, పెద్ద ఇంజన్లలో మామూలు గాలికి బదులు హీలియమో హైడ్రోజనో విపరీతమైన ఒత్తిడితో నింపుతారు. ఆ వాయువు సీళ్ళలోంచి జారిపోకుండా ఆపడమే వాళ్ళ పెద్ద తలనొప్పి. స్వీడన్ నౌకాదళంలో 1996 నుంచి ఉన్న గోట్లాండ్ తరగతి జలాంతర్గాములు నీటిలోపల స్టిర్లింగ్ ఇంజన్ల మీద నడుస్తాయి. పేలుడు శబ్దం లేకపోవడం అక్కడ ప్రాణం కాపాడే గుణం. 2008లో అమెరికాలో ఒక అద్దాల డిష్షు, స్టిర్లింగ్ ఇంజన్ జంట సూర్యరశ్మిలో 31.25 శాతాన్ని కరెంటుగా మార్చింది. అయినా సోలార్ పలకల ధర పడిపోవడంతో ఆ దారి సన్నబడింది. అద్దాలతో ఎండను ఒకచోటికి చేర్చడం మాకు కొత్తేమీ కాదు. తిరుమలలో అన్నప్రసాదం వంటకు ఆవిరి తీసే సోలార్ డిష్షులను 2002లోనే పెట్టారు. అక్కడ కావలసింది వేడే కాబట్టి ఇంజన్‌తో పని పడలేదు.

మొన్న ఆదివారం ఐసు మీద చక్రం వెనక్కి తిరగడం చూసి మేనల్లుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "వేడీ చల్లా ఇస్తే చక్రం తిరుగుతా ఉంది. మరి మనమే చక్రం తిప్పితే ఒక పక్క వేడి, ఒక పక్క చల్ల వస్తాదా మామా?"

వస్తుంది. ఫిలిప్స్‌వాళ్ళు ఆ పనే చేసి గాలిని ద్రవంగా మార్చేంత చల్లదనం తెచ్చారు. ఆ రకం కూలర్లు ఈరోజు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాల్లో ఉన్నాయి. వాడికి అంత చెప్పలేదు. పాత బొమ్మకారులోంచి మోటారు పీకి తెమ్మన్నాను. బొమ్మకారు వాళ్ళ చెల్లెలిది. ప్రస్తుతం బేరం నడుస్తోంది.